నీళ్లు లేని చోట నీళ్ల తోట: వర్సాయ్ యాత్ర

మొదటి రోజు

ముప్ఫై రెండేళ్లు ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొత్త ఊళ్లో అడుగు పెట్టగానే నా కళ్లు ముందు వెతికేది నీళ్లనే. ఎటునుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అని. పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి "నాన్నా, ఈసారి వర్సాయ్ చూద్దాం" అన్నప్పుడు కూడా మొదట మ్యాపే తీశాను. వర్సాయ్ అంటే మనం స్కూల్లో వర్సేల్స్ సంధి అని చదువుకున్నామే, ఆ ఊరే. అక్కడి రాజభవనం తోటల్లో వందల ఫౌంటెన్లు ఉంటాయని విన్నాను. మ్యాపులో చూస్తే ఊరి పక్కన చెప్పుకోదగ్గ నది లేదు. సేన్ నది కిలోమీటర్ల దూరంలో, భవనం కంటే చాలా పల్లంలో ఉంది. మరి ఇన్ని నీళ్లు ఎక్కడివి?

పారిస్ నుంచి లోకల్ రైల్లో ఇంచుమించు ముప్పావు గంట. స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మూడు వెడల్పాటి రోడ్లు వచ్చి కలిసే మైదానం, దాని వెనక బంగారు పూత గేటు, ఆ వెనక భవనం. మే నెల చివరి వారం, శుక్రవారం. పొద్దున తొమ్మిదింటికే లైను బారెడు ఉంది.

ఈ భవనం పుట్టుక చాలా చిన్నది. 1623లో ఫ్రాన్సు రాజు పదమూడో లూయీ వేటకు వచ్చినప్పుడు తల దాచుకోవడానికి ఇక్కడ ఓ చిన్న బస కట్టించుకున్నాడు. చుట్టూ బురద నేల, పిట్టలు, జింకలు. ఆ బసే ఆయన కొడుకు పద్నాలుగో లూయీ చేతిలో పెరిగి పెరిగి ఇంతైంది. ముందు వైపు పాలరాతి ప్రాంగణంలో నిలబడితే ఎర్ర ఇటుకల పాత భాగం ఇప్పటికీ కనిపిస్తుంది. తండ్రి కట్టిన ఇంటిని కొడుకు పడగొట్టనివ్వలేదు. దాని చుట్టూ రాతి భవనాన్ని తొడుగులా కట్టించాడు.

ఆయనకు ఈ ఆశ ఎక్కడ పుట్టిందో చెప్పే కథ ఒకటుంది. 1661 ఆగస్టులో ఆర్థికమంత్రి ఫూకే తన కొత్త కోటకు రాజును విందుకు పిలిచాడు. వో-ల-వికోంత్ అనే ఆ కోట, దాని తోట, ఫౌంటెన్లు చూసి రాజు మనసు మండింది. మూడు వారాలు తిరక్కుండా ఫూకేను అరెస్టు చేయించాడు. ఆ తర్వాత ఆయన దగ్గర పనిచేసిన వాస్తుశిల్పి ల వో, చిత్రకారుడు ల బ్రూన్, తోటల రూపకర్త ల నోత్ర, ముగ్గురినీ వర్సాయ్ పనిలో పెట్టాడు. ఫూకే తోటలోని నారింజ చెట్లు కూడా రాజు పరమయ్యాయి. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలింది ఆ చెట్ల సంగతే.

లోపలి గదుల గురించి ఎక్కువ రాయను, ఫోటోలు అందరూ చూసినవే. అద్దాల హాలు మాత్రం ఫోటోలో పట్టేది కాదు. 73 మీటర్ల పొడవు, ఒక పక్క 17 కిటికీలు, వాటికి ఎదురుగా 17 కమానుల్లో 357 అద్దాలు. 1678లో వాస్తుశిల్పి మాన్సార్ మొదలుపెట్టిన ఈ హాలు 1684లో పూర్తయింది. అప్పట్లో పెద్ద అద్దాలంటే వెనిస్ నగరానిదే గుత్తాధిపత్యం. దాన్ని విరగ్గొట్టి తమ దేశంలోనే చేయించుకున్నారు. 1871 జనవరిలో ఫ్రాన్సు మీద గెలిచిన జర్మన్లు తమ సామ్రాజ్యాన్ని ప్రకటించింది ఈ హాల్లోనే. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీ చేత 1919 జూన్ 28న వర్సేల్స్ సంధి మీద సంతకం పెట్టించిందీ ఇక్కడే.

హెర్క్యులిస్ గదిలో కాసేపు ఎక్కువ నిలబడ్డాను. 1788 ఆగస్టులో టిప్పు సుల్తాన్ పంపిన ముగ్గురు రాయబారులను పదహారో లూయీ ఈ గదిలోనే కలిశాడు. ఇంగ్లీషువాళ్ల మీద యుద్ధానికి సాయం కావాలని వచ్చారు. దాంతోపాటు టిప్పు అడిగిన వాటిలో చేతిపనివాళ్లు, విత్తనాలు, మొక్కలు కూడా ఉన్నాయి. సైన్యం దొరకలేదు. మైసూరు నుంచి సముద్రాలు దాటి వచ్చిన ఆ మనుషులు ఈ కిటికీల్లోంచి తోటను చూసి ఏమనుకున్నారో అని చాలాసేపు ఆలోచించాను. ఆ మరుసటి ఏడాదికే ఇక్కడ రాజు లేడు.

అద్దాల హాలు మధ్య కిటికీ దగ్గర మా అమ్మాయి నన్ను ఆపింది. ఎదురుగా పడమర దిక్కుకు తోటంతా ఒకే గీత మీద పరుచుకుని ఉంది. ముందు రెండు నీటి అద్దాల్లాంటి కొలనులు, మెట్లు, దిగువన గుండ్రటి కొలను, పొడవాటి పచ్చిక, ఇంకో కొలను, దాని వెనక పెద్ద కాలువ, ఆ వెనక ఆకాశం. కాలువ దగ్గరలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ల నోత్ర చేసిన లెక్క అది. దూరం పోయేకొద్దీ కొలనుల సైజు పెంచుకుంటూ పోయాడు, దాంతో దూరం మన కంటికి ఆనదు. కిందికి దిగి నడుస్తే గానీ తెలియలేదు, కాళ్లు పీక్కుపోయాయి.

దిగువనున్న గుండ్రటి కొలను పేరు లతోన. నలువైపులా కప్పలు, తాబేళ్లు, సగం మనిషి సగం కప్పగా మారుతున్న బొమ్మలు. అన్నీ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, అన్నీ పొడిగా ఉన్నాయి. అది నీళ్లు వదిలే రోజు కాదు, స్పీకర్లలో సంగీతం మాత్రమే వస్తోంది. ఒక కప్ప నోట్లోకి వంగి చూశాను. నాలుక ఉండాల్సిన చోట చిన్న గొట్టం మూతి, దాని చుట్టూ తెల్లటి చార. మన ఇళ్లలో కుళాయి మూతికి సున్నం పట్టినట్టు.

"నాన్నా, ఇక్కడికొచ్చి కూడా గొట్టాలు వెతుకుతున్నావా?" అంది మా అమ్మాయి.

"రేపు నీళ్లు వదులుతారన్నావుగా, ఎక్కడినుంచి వదులుతారో చూడాలమ్మా" అన్నాను.

రెండో రోజు

శనివారం. ఈ రోజు రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

తోట గేటు దగ్గర ఏ గంటకు ఏ కొలనులో నీళ్లు వస్తాయో రాసిన కాగితం ఇచ్చారు. మనం వారబందీ పెట్టినట్టు, తోటకు వంతులున్నాయి! పాతకాలంలోనూ ఇంతే. పద్నాలుగో లూయీ కాలంలో అన్ని ఫౌంటెన్లనూ ఒకేసారి నడిపేంత నీరు ఏనాడూ లేదు. రాజు తోటలో నడుస్తుంటే ఫౌంటెన్ల పనివాళ్లు ముందు ముందు దాక్కుని ఉండేవాళ్లు. రాజు ఒక మలుపు దగ్గరికి రాగానే ఒకడు ఈల వేస్తాడు, ముందున్నవాడు వాల్వు తిప్పుతాడు. రాజు దాటిపోగానే వెనకది కట్టేస్తారు. రాజుకు మాత్రం తోటంతా నిత్యం ఉరకలేస్తున్నట్టే కనిపించాలి. ఈ తోటను ఏ వరసలో చూడాలో, ఎక్కడ ఆగాలో రాజు స్వయంగా 1689లో రాసిపెట్టాడు, తర్వాత చాలాసార్లు దిద్దుకున్నాడు. ఆ వరస వెనక అందం ఒక్కటే ఉందనుకోను. నీటి వంతుల లెక్క తెలిసినవాడికి ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

లతోన కొలను దగ్గర ముందే చోటు పట్టుకుని నిలబడ్డాం. సంగీతం మొదలైంది. ముందు గొట్టాల్లోంచి గాలి బుసబుసమని వచ్చింది. ఒకటి రెండు కప్పలు దగ్గినట్టు నీళ్లు కక్కాయి. తర్వాత అన్ని నోళ్లూ ఒక్కసారి. నిన్న పొడిగా చూసిన రాయి కళ్లముందే నల్లబడి, మెరిసి, నీటిపొగలో సగం కనపడకుండా పోయింది. పక్కనున్న పిల్లలు కేరింతలు కొట్టారు. నేను ఏమీ మాట్లాడలేకపోయాను.

ఈ బొమ్మల కథ కూడా నీళ్ల కథే. లతోన ఇద్దరు పసిపిల్లలతో దాహంతో ఒక చెరువు దగ్గరికి వస్తుంది. అక్కడి పల్లెవాళ్లు ఆమెను తాగనివ్వకుండా చెరువులోకి దిగి బురద కెలుకుతారు. ఆమె శాపంతో వాళ్లంతా కప్పలైపోతారు. ఆ పసివాళ్లలో ఒకడు అపోలో, సూర్యుడు. పద్నాలుగో లూయీ తనను తాను సూర్యుడితో పోల్చుకున్నాడు కాబట్టి ఈ కథ ఇక్కడికి వచ్చింది. దాహం వేసిన తల్లికి నీళ్లు ఇవ్వని కథను, నీటికి కటకటలాడిన తోట నడిమధ్యలో పెట్టారు.

పెద్దమెట్ల దిగువన ఒక పొద పక్కన పనివాడొకాయన వంగి పచ్చికలో ఇనుప మూత ఎత్తాడు. చేతిలో పొడవాటి ఇనుప తాళంచెవి, పైన రెండు కొమ్ముల పిడి. లైర్ అనే తంతివాద్యంలా ఉంటుందని దానికి ఆ పేరే పెట్టారట. దాన్ని గుంటలోకి దించి, రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా వంచి తిప్పాడు. ఒకటి, రెండు, మూడు చుట్లు. కాళ్ల కింద నేలలో సన్నటి అదురు. చెట్ల వెనక నీళ్లు లేచిన చప్పుడు. మా లష్కర్లు తూము తలుపు ఎత్తేటప్పుడు నడుము సరిగ్గా ఇలాగే వంచేవాళ్లు.

మా అమ్మాయి వెళ్లి ఫ్రెంచిలో పలకరించింది, మా నాన్న ఇండియాలో కాలువల పని చేశారని చెప్పింది. ఆయన నవ్వి, గుంటలోకి చెయ్యి చూపించాడు. అందులో ఇనుప గొట్టం, అంచున బోల్టులతో బిగించిన చట్రం. అది లూయీ కాలం నాటిదే, ఇప్పటికీ నీళ్లు మోస్తోంది అన్నాడు. 1660ల నుంచే ఇక్కడ పోతపోసిన ఇనుప గొట్టాలు వేశారు. ఫ్రాంసీన్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు ఆ పని చూశారు. తోటంతటికీ సుమారు 35 కిలోమీటర్ల గొట్టాలు, 600 దాకా జెట్లు ఇప్పుడు పనిచేస్తున్నాయి. అందులో పాత గొట్టాలు చాలా ఉన్నాయి. మూడు వందల యాభై ఏళ్లు! మేం వేసిన పైపులు ముప్ఫై ఏళ్లు నిలిస్తే మాకు గొప్ప. నేను ఆ గొట్టాన్ని వంగి తాకాను. చల్లగా, గరుకుగా ఉంది.

సరే, నీళ్లు ఎక్కడివి? భవనానికి ఉత్తరాన క్లాన్యీ అనే చెరువు ఒకటుండేది. మొదట్లో గుర్రాలతో పంపు తిప్పి దాంట్లోంచి ఎత్తేవాళ్లు. చాలలేదు. ఫౌంటెన్లలో వాడిన నీటినే కిందనుంచి గాలిమరలతో మళ్లీ పైకి తోడారు. చాలలేదు. బియెవ్ర్ అనే వాగును మళ్లించారు. అదీ చాలలేదు. ఒక దశలో ఏకంగా లువార్ మహానదిని కాలువ తవ్వి తెద్దామని ప్రతిపాదన వచ్చింది. అప్పుడు పికార్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దూరదర్శిని బిగించిన లెవెల్ పరికరంతో కొలుచుకుంటూ వెళ్లి, లువార్ మట్టం వర్సాయ్ కంటే తక్కువలో ఉంది, నీరు పారదు అని తేల్చేశాడు. నీరు పల్లమెరుగు. రాజు కోరినా అంతే. అంత పెద్ద దర్బారులో కొలిచిన లెక్కను కొలిచినట్టు చెప్పిన ఆ మనిషి మీద నాకు గొప్ప గౌరవం కలిగింది. డంపీ లెవెల్ భుజాన పెట్టుకుని కాలువ గట్లంట తిరిగిన ప్రతి ఒక్కడికీ ఆయన పెద్దన్న వరస.

ఆ పికార్ పద్ధతినే పట్టుకుని, దక్షిణాన, పడమరన ఉన్న మిట్టనేలల మీద వానచుక్కను వదలకుండా పట్టే ఏర్పాటు చేశారు. చెరువు కింద చెరువు, వాటిని కలుపుతూ వాటం చూసి తవ్విన పిల్లకాలువలు, అన్నీ కలిపి వంద కిలోమీటర్లకు పైమాటే. వినగానే నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. "ఇవి గొలుసుకట్టు చెరువులే కదమ్మా!" కాకతీయుల నేల మీద పుట్టినవాడికి ఇంకేం చెప్పాలి.

ఇక మార్లీ యంత్రం. 1681 నుంచి 1684 దాకా సేన్ నది మీద కట్టారు. లియేజ్ ప్రాంతం నుంచి వచ్చిన రెన్నెకిన్ సువాలెమ్ అనే వడ్రంగి పనితనం అది, చదువురాని మనిషి. నదిలో 14 పెద్ద చక్రాలు, రెండు వందలకు పైగా పంపులు, కొండ ఎక్కే గొలుసులు, కడ్డీలు. మూడు అంచెల్లో 150 మీటర్లకు పైగా నీటిని ఎత్తి, కొండ మీది కాలువలో పోసేది. దాని రోదకు చుట్టుపక్కల నిద్రపట్టేది కాదట. ఇంత చేసి తెచ్చిన నీరు కూడా ఆశించినంత లేదు, అందులో చాలా భాగం మార్లీలోని రాజుగారి మరో తోటకే పోయింది.

మధ్యాహ్నమంతా చెట్ల మధ్య దాగిన చిన్న తోటలు తిరిగాం. ఎన్సెలాడస్ అనే రాక్షసుడు రాళ్ల కింద కూరుకుపోయి, తల, చేతులు మాత్రమే పైకి పెట్టి, నోట్లోంచి ఆకాశమెత్తు నీళ్లు చిమ్ముతాడు. ఆ కళ్లలో బాధ నిజమైన మనిషి బాధలా ఉంది. మాన్సార్ కట్టిన పాలరాతి స్తంభాల వలయం నాకంతగా పట్టలేదు. ఒకప్పుడు ఇక్కడ ఈసపు కథలతో 39 ఫౌంటెన్లున్న చిక్కుదారుల తోట ఉండేది. 1775లో తీసేశారు. ఆ నక్కలు, కొంగలు, కోతులు ఇప్పుడు లేవంటే చిన్నపిల్లాడిలా బాధేసింది.

సాయంత్రం చివరి వంతు నెప్ట్యూన్ కొలనుది. 99 జెట్లు. అర్ధచంద్రాకారం గట్టు మీద వందలమంది కూర్చున్నాం. గాలి మా వైపు తిరిగి సన్నటి తుంపర మొహాన కొట్టింది. పదిహేను ఇరవై నిమిషాల తర్వాత జెట్లు ఒక్కొక్కటే కుంగి, తల వంచి, ఆగిపోయాయి. చివరికి మిగిలింది నీటిబొట్ల చప్పుడు.

మూడో రోజు

ఆదివారం. మా అమ్మాయికి వేరే పనుండి నేనొక్కణ్నే వచ్చాను. తోటలోనే దూరంగా ఉన్న త్రియనాన్ అనే చిన్న రాజభవనాలు పొద్దున్నే తెరుస్తారనుకుని పదింటికల్లా అక్కడున్నాను. మధ్యాహ్నం పన్నెండుకు గానీ తెరవరట. చేసేదేం లేక పెద్ద కాలువ గట్టున కూర్చున్నాను, ఆ రెండు గంటలు వృథా కాలేదు.

ఈ కాలువ 1,670 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు, శిలువ ఆకారం. 1668లో మొదలుపెట్టి పదకొండేళ్లు తవ్వారు. వెనిస్ పంపిన గొండోలా పడవలు, వాటిని నడిపేవాళ్లు ఇక్కడే కాపురముండేవాళ్లు. ఆ వాడను ఇప్పటికీ చిన్న వెనిస్ అంటారు. అందానికి తవ్విందే అయినా కాలువ పల్లంలో ఉండి తోట మురుగంతా పడుతుంది. బురద నేలను ఆరబెట్టింది ఇదే. పైన దాహం, కింద బురద, రెండూ ఒకే చోట.

వర్సాయ్ కట్టడం పనుల్లోని కూలీల గురించి సెవీన్యే అనే ప్రభువుల ఇంటి ఆవిడ 1678లో ఒక ఉత్తరంలో రాసింది, పనివాళ్లు విపరీతంగా చచ్చిపోతున్నారని, రాత్రిపూట బండ్ల నిండా శవాలను తీసుకుపోతున్నారని. పడవ అద్దెకు తీసుకున్న ఓ జంట నవ్వుకుంటూ నా ముందునుంచి పోయారు. నీళ్లు ఆకుపచ్చగా, నిశ్చలంగా ఉన్నాయి. ఏ కాలువ గట్టున కూర్చున్నా తవ్వినవాళ్ల పేర్లుండవు.

చిన్న త్రియనాన్ 1768లో పూర్తయిన నాలుగు పలకల చక్కటి భవనం. నేను చూడాలనుకున్నది అక్కడ ఇప్పుడు లేని తోటను. పదిహేనో లూయీకి మొక్కలంటే నిజమైన ప్రేమ. క్లోద్ రిషార్ అనే తోటమాలి, బెర్నార్ ద జుస్యూ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలిసి ఇక్కడ వేల రకాల మొక్కలు పెంచారు. జుస్యూ వాటిని కుటుంబాల వారీగా, సహజమైన పోలికలను బట్టి మళ్లలో నాటించాడు. మొక్కల వర్గీకరణ చరిత్రలో పెద్ద అడుగు ఈ మళ్లలో పడింది. 1774లో పదహారో లూయీ ఈ భవనాన్ని భార్య మేరీ ఆంటోనెట్‌కు ఇచ్చాడు. ఆమె ఆ మళ్లను తీసేయించి, మొక్కల్ని పారిస్‌కు పంపేసి, వంకరదారులు, వాగు, గుహ ఉన్న ఇంగ్లీషు తరహా తోట వేయించుకుంది. ఆ తోట అందంగానే ఉంది. కానీ మళ్ల సంగతి తెలిశాక దాని మీద మనసు నిలవలేదు.

ఇంకొంచెం ముందుకెళ్తే ఆమె కోసం 1783 నుంచి కట్టిన పల్లె. చెరువు చుట్టూ గడ్డికప్పు ఇళ్లు, తిరగలి ఇల్లు, పాల ఇల్లు, ఆవులు, కూరగాయ మళ్లు. కొత్తగా కట్టిన గోడల మీద పాతవాటిలా బీటలు గీయించారట. ఆటకే కట్టినా పొలం మాత్రం నిజంగానే పండేది. 1789 అక్టోబరు 5న రొట్టెల కోసం పారిస్ ఆడవాళ్లు వర్సాయ్ మీదికి నడిచి వస్తున్నారన్న కబురు ఆమెకు ఈ తోటలోనే అందింది. మర్నాడు రాజకుటుంబం పారిస్‌కు వెళ్లిపోయింది, మళ్లీ తిరిగి రాలేదు.

విప్లవం తర్వాత 1793, 94 సంవత్సరాల్లో భవనంలోని సామాను ఏడాది పాటు వేలం వేశారు. తోటను ముక్కలు చేసి అమ్మేయాలన్నవాళ్లూ ఉన్నారు. అప్పుడు అడ్డుపడింది రిషార్ వంశం మనిషే. పూలమళ్లలో కూరగాయలు, ఖాళీ జాగాల్లో పండ్ల చెట్లు వేస్తే జనానికి పనికొస్తుందని చెప్పి తోటను కాపాడాడు. ఆ రోజుల్లో జనం ఫౌంటెన్లలో బట్టలుతికి పొదల మీద ఆరేసుకునేవాళ్లట. నాకు ఈ మాట ఎంతో నచ్చింది. లతోన కప్పల పక్కన బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లను తలుచుకుంటూ వెనక్కి నడిచాను. 1837లో లూయీ ఫిలిప్ రాజు భవనాన్ని మ్యూజియంగా మార్చాడు కాబట్టి ఈ రోజు మనం చూడగలుగుతున్నాం.

దారిలో కూల్చేసిన చెట్ల స్థానంలో వేసిన కుర్ర చెట్లు బారులుగా కనిపించాయి. 1999 డిసెంబరు 26న వచ్చిన తుఫాను కొద్ది గంటల్లో ఇక్కడ పదివేల దాకా చెట్లను పడగొట్టింది. అసలు ఇక్కడి చెట్లను వందేళ్లకోసారి మొత్తం మార్చాల్సి వస్తోంది. పదహారో లూయీ కూడా గద్దెనెక్కగానే ముసలి చెట్లన్నీ కొట్టించి కొత్తవి నాటించాడు. మనం చూస్తున్న గీతలు ల నోత్రవి, చెట్లు మాత్రం ఆయన చూసినవి కావు.

సాయంత్రం నారింజ తోట. భవనం దక్షిణపు గట్టు కిందే రాతి గిడ్డంగిలా ఉంటుంది. గోడలు మందంగా, కిటికీలు దక్షిణానికి, లోపల మంట లేకుండానే చలికాలమంతా చెట్లు బతుకుతాయి. మే మధ్యలో వెయ్యికి పైగా చెట్లను పెట్టెలతో సహా బయటికి తెస్తారు, అక్టోబరులో లోపలికి పంపేస్తారు. పెట్టెలు ఓక్ చెక్కవి, ఇనుప పట్టీలు, పక్కలు తలుపుల్లా ఊడి వస్తాయి. వేళ్లు చూడాలన్నా, మట్టి మార్చాలన్నా చెట్టును కదిలించక్కర్లేదు. రెండు వందల ఏళ్లు దాటిన నారింజ చెట్లు కూడా ఇందులో ఉన్నాయి. ఒక పెట్టె దగ్గర వంగితే పూల వాసన, మట్టి తడి వాసన కలిసి వచ్చాయి.

రోడ్డు దాటితే రాజుగారి కూరగాయల తోట, తొమ్మిది హెక్టార్లు. స్విస్ సైనికులు తవ్విన పెద్ద చెరువు మట్టిని తెచ్చి బురద నేల మీద పోసి, 1678 నుంచి 1683 దాకా దీన్ని తయారుచేశారు. చేసింది ల కాంతినీ, చదివింది న్యాయశాస్త్రం. గోడల నీడలు, ఎండలు, పచ్చి ఎరువు వేడి వాడుకుని మార్చిలో స్ట్రాబెర్రీ, జూన్‌లో అత్తిపళ్లు పండించాడు. రాజుకు అత్తిపళ్లంటే ప్రాణం. గోడల వెంబడి తీగల్లా వంచి కట్టిన బేరి చెట్లను చూస్తూ పొద్దుగుంకే దాకా ఉండిపోయాను. ఇప్పుడు ఇక్కడే తోటల రూపకల్పన నేర్పే కాలేజీ ఉంది. ఇంతదూరం వచ్చినవాళ్లలో నూటికి తొంభైమంది ఈ తోటను చూడకుండానే వెళ్లిపోతున్నారు. నన్నడిగితే అద్దాల హాలుకు ఒక గంట తగ్గించి ఇక్కడ గడపమంటాను.

నాలుగో రోజు

రెండు రోజులు కాళ్లకు విశ్రాంతి ఇచ్చాక మా అమ్మాయితో మేంతెనోన్ అనే ఊరికి వెళ్లాను. పడమర వైపు, రైల్లో పోవాలి. వర్సాయ్ నీళ్ల కథ అక్కడ ముగిసింది.

మార్లీ యంత్రం కూడా చాలక 1685లో రాజు యూర్ నదిని తెప్పించాలనుకున్నాడు. ఈసారి లెవెల్ కుదిరింది. నదిని చాలా ఎగువన పట్టుకుంటే వర్సాయ్‌కి పారుతుంది. మధ్యలో మేంతెనోన్ దగ్గర లోయ అడ్డం. దాన్ని దాటించడానికి కోటల ఇంజనీరు వోబాన్ చేతికి పని అప్పగించారు. మూడు అంతస్తుల కమానులతో నీళ్లవంతెన కట్టాలన్నది ప్లాను. యుద్ధాలు లేని సైనికుల్ని ఇరవై, ముప్ఫై వేలమందిని దింపారు. చిత్తడి నేల, జ్వరాలు. వేలమంది పోయారు. 1688లో యుద్ధం రాగానే సైన్యం కదిలిపోయింది, పని ఆగింది, మళ్లీ మొదలవలేదు.

మేంతెనోన్ కోట వెనక తోటలో నడుస్తుంటే పచ్చటి మైదానం చివర ఆ కమానులు వరసగా కనిపిస్తాయి. ఒక్క అంతస్తే. పైన గడ్డి, పొదలు మొలిచాయి, కొన్ని చోట్ల చెట్లే ఉన్నాయి. దగ్గరికి వెళ్లేకొద్దీ మాట తగ్గిపోయింది. ఇంత బరువు రాయిని నిలబెట్టి, ఒక్క చుక్క నీరు దాని మీదుగా పోలేదు.

ఒక కమాను కింద ఆగాను. రాతి అతుకు పని చూశాను. నాపరాళ్లు సన్నటి సందుతో కూర్చున్నాయి, సున్నం ఇంకా గట్టిగా ఉంది. ఎవరు కట్టారో గానీ మనసు పెట్టి కట్టారు. రేపు జ్వరం వస్తుందేమోనని భయపడుతూ కూడా వంకర లేకుండా పేర్చారు.

"ఎందుకు నాన్నా అంతసేపు గోడ పట్టుకుని నిలబడ్డావు?"

"దీనికి ఎవరూ ఎం-బుక్ రాసి ఉండరు తల్లీ" అన్నాను. అది పనికి కొలతలు రాసే పుస్తకం, మా అమ్మాయికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఆమె ఏమీ అనలేదు, వచ్చి నా పక్కన నిలబడి తనూ రాయి మీద చెయ్యి వేసింది.

కోట పక్కనుంచి యూర్ నది పారుతోంది. పెద్ద నదేం కాదు, ఒడ్డున నాచు, రెండు బాతులు. వర్సాయ్‌కి పోవాల్సిన నీరు ఉత్తరానికి తిరిగి, తన వాటాన తాను పోయి సేన్‌లో కలుస్తుంది. రైలుకు ఇంకా గంట టైముంది. మేం గట్టున కూర్చుని మధ్యాహ్నం డబ్బా విప్పాం.